చిన్నపిల్లలకు ఇంగ్లిష్ చెప్పే టీచరుకు ఏ శిక్షణ మేలు? ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

వేసవి సెలవులు దగ్గరపడుతుంటే నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్లు చేసి, "మేడమ్, మా ఎల్‌కేజీ, యూకేజీ టీచర్లకు ఇంగ్లిష్ ట్రైనింగ్ పెట్టించాలి, ఎవరిని పిలవమంటారు?" అంటారు. సర్కారు బడిలో ఒకటో తరగతి చూసే ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) చేసి, "అక్కా, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉంది. పిల్లలకు తెలుగే ఇంకా నోట్లో కుదురుకోలేదు. నేనేం నేర్చుకుంటే వీళ్లకు పనికొస్తుంది?" అని అడుగుతారు. రెండో ప్రశ్న వింటే నాకు ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే అందులో పిల్ల కనిపిస్తుంది.

తెలంగాణలో 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులదాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి ద్విభాషా పాఠ్యపుస్తకాలు నడుస్తున్నాయి. ప్రైవేటులో అయితే మూడేళ్లు నిండగానే నర్సరీ. అంటే ఇంగ్లిష్ అనేది ఇంట్లో వినని పిల్లలు, తామూ తెలుగు మీడియంలోనే చదువుకున్న టీచర్లు ఒకే గదిలో కూర్చుంటున్నారు. టీచరు తప్పేం లేదు, పిల్ల తప్పేం లేదు. మధ్యలో ఉండాల్సింది సరైన శిక్షణ. దాని పేరుతో ఇప్పుడు దొరికేవి ఐదారు రకాలు. పదహారేళ్లు చిన్న తరగతులకే చెప్పి, ఆ తర్వాత మండల రిసోర్స్ పర్సన్‌గా పనిచేసిన అనుభవంతో వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చెబుతాను.

టీచరు ఇంగ్లిష్ వేరు, పిల్లకు ఇంగ్లిష్ అందించడం వేరు

ఏ శిక్షణ మంచిదని అడిగేముందు మీకు కావలసింది ఈ రెంటిలో ఏదో తేల్చుకోవాలి. టీచరు తడబడకుండా మాట్లాడటం ఒక అవసరం. నాలుగేళ్ల పిల్లకు కొత్త భాష ఎలా ఒంటబడుతుందో తెలియడం మరో అవసరం. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు మొదటిది ఇస్తుంది కానీ రెండోది ఇవ్వదు. బజారులో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం మొదటిదే, పేరు మాత్రం రెండోదానిది.

గడగడా ఇంగ్లిష్ మాట్లాడే ఒక కొత్త టీచరు తరగతికి ఒకసారి వెళ్లాను. యూకేజీ. ఆమె ఇంగ్లిషుకు నేను ముచ్చటపడ్డాను. పిల్లలు మాత్రం ఆమె మొహం చూస్తూ, ఆమె చెయ్యి ఎటు చూపిస్తే అటు తిరుగుతూ కూర్చున్నారు. ఒక పిల్లవాడు లేచి "టీచర్, వాటర్ తాగొస్తా" అన్నాడు. "నో తెలుగు! సే ఇట్ ఇన్ ఇంగ్లిష్" అంది. వాడు నిలబడే ఉండిపోయాడు. కాసేపటికి కూర్చున్నాడు, నీళ్లు తాగకుండానే.

ఆ వాక్యంలో ఎంత ఉందో చూడండి. 'టీచర్', 'వాటర్' రెండూ ఇంగ్లిషే. 'తాగొస్తా' తెలుగు. ఉన్న భాష మీద నిలబడి కొత్త భాషను అందుకుంటున్నాడన్నమాట. శిక్షణ ఉన్న టీచరయితే "యూ వాంట్ టు డ్రింక్ వాటర్? గో, డ్రింక్ వాటర్" అని నవ్వుతూ పంపేది. వాడికి దాహం తీరేది, 'డ్రింక్' అనే మాట కూడా దొరికేది. పది రోజులు ఇలాగే జరిగితే పదకొండో రోజు వాడే అంటాడు. ఈ ఒక్క అలవాటు నేర్పే శిక్షణ, ఉచ్చారణ దిద్దే నెల రోజుల శిక్షణకన్నా ఎల్‌కేజీకి ఎక్కువ పనిచేస్తుంది.

కొందరు పిల్లలు నెలల తరబడి కొత్త భాషలో నోరు విప్పరు. చదువు చెప్పేవాళ్లు దీన్ని మౌన దశ అంటారు. విని పోగు చేసుకుంటున్న కాలం అది. ఈ సంగతి తెలియని టీచరు ఆ పిల్లను 'డల్' అని రాసేస్తుంది. కెనడాకు చెందిన భాషా పరిశోధకుడు జిమ్ కమిన్స్ వలస వచ్చిన కుటుంబాల పిల్లల్ని గమనించి చెప్పిందేమిటంటే, ఆటపాటల్లో మాట్లాడే భాష రెండేళ్లలో రావచ్చుగానీ, పాఠం అర్థం చేసుకుని చదువు సాగించే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అదీ చుట్టూ ఇంగ్లిషే ఉన్న దేశంలో. మన ఊళ్లో బడి గేటు దాటితే ఇంగ్లిష్ వినపడదు. అందుకని ఆరు నెలల్లో ఫ్లూయెన్సీ అనే బ్రోషరు ఎవరు చూపించినా పక్కన పెట్టేయండి.

మండలంలో మూడు రోజులు, ఐదు రోజులు పెట్టే శిక్షణ

ప్రభుత్వ టీచరుకు మొదట తగిలేది ఇదే. పైన రాష్ట్రస్థాయిలో కొందరికి చెబుతారు. వాళ్లు జిల్లాలో చెబుతారు, జిల్లా వాళ్లు మండలంలో చెబుతారు. దీనికున్న బలం ఒక్కటే: అందరికీ అందుతుంది, టీచరు జేబులోంచి పైసా పోదు. కొత్త పుస్తకం వచ్చినప్పుడు, కొత్త పరీక్ష పద్ధతి వచ్చినప్పుడు ఆ సమాచారం చేరవేయడానికి ఇంతకు మించిన దారి లేదు.

చిన్నపిల్లలతో భాష పని చేయడం మాత్రం చేరవేస్తే చేరే సరుకు కాదు. ఇది ఇప్పటి సంగతీ కాదు. 1960 ప్రాంతంలో మద్రాసు రాష్ట్రంలో, ఇంగ్లిష్ మొదలుపెట్టే పిల్లలకు చెప్పే 27,000 మంది టీచర్లకు మళ్లీ శిక్షణ ఇవ్వాలని ఇదే పద్ధతి పెట్టారు. మంచుబంతి దొర్లేకొద్దీ పెద్దదవుతుందన్న ఆశతో 'మద్రాస్ స్నోబాల్' అని పేరు కూడా పడింది. పైనుంచి కిందికి వచ్చేసరికి అసలు విషయం పలచబడటం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన జబ్బు. నేనే ఆ మెట్లలో ఒక మెట్టుగా ఉన్నాను. జిల్లాలో మాకు రెండు గంటలు ఆడించి చూపిన ఒక ఆటను, మండలంలో నేను ఇరవై నిమిషాల్లో మైకులో వర్ణించాను. హాల్లో తొంభైమంది, ఫ్యాన్లు నాలుగు. తర్వాత నెలలో ఆ టీచర్ల బడులకు వెళితే ఆ ఆట ఒక్కచోట కూడా కనపడలేదు. వాళ్లు దాన్ని చూడనేలేదు, విన్నారంతే.

అంగన్‌వాడీ టీచర్లకు 2023 మే 10న మొదలైన 'పోషణ్ భీ పఢాయీ భీ' అనే కేంద్ర కార్యక్రమం కింద మూడు రోజుల శిక్షణ ఉంది. అది ఆటల ద్వారా నేర్పడం మీద, ఇంటి భాష మీద నిలబడిన శిక్షణ. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కావలసిన పునాది అదే. ఇంగ్లిష్ గురించి చెప్పలేదని కొందరు పెదవి విరుస్తారు. కథ విని, తిరిగి చెప్పి, "ఎందుకు?" అని అడగడం తెలుగులో వచ్చిన పిల్లకు ఇంగ్లిష్ అందడం తేలిక. ఆ పునాది లేని పిల్లకు రెండు భాషలూ కష్టమే.

ఫోనులో, కంప్యూటర్లో చేసే కోర్సులు

కేంద్ర ప్రభుత్వ దీక్షా పోర్టల్‌లో నిష్ఠ అనే టీచర్ల శిక్షణ కార్యక్రమం కింద, పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం మీద పన్నెండు మాడ్యూళ్లు వచ్చాయి. చిన్న తరగతుల్లో అందరికీ చదవడం, లెక్కలు రావాలని 2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్‌కు తోడుగా వచ్చినవి అవి. విషయం బాగుంది. బహుభాషా తరగతి గురించి, ఇంటి భాషను ఎలా వాడుకోవాలన్న దాని గురించి శ్రద్ధగా చూస్తే చాలా దొరుకుతుంది. ఉచితం, ఇంటి దగ్గర రాత్రిపూట చేసుకోవచ్చు.

కానీ మన దగ్గర అవి ఎలా పూర్తవుతున్నాయో అందరికీ తెలుసు. వీడియో ఒక పక్క నడుస్తుంటుంది, ఇంకో పక్క కూర తరుగుతుంటాం. చివరి క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో వస్తాయి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ అవుతుంది. టీచర్ల మీద నింద వేయడానికి చెప్పడం లేదు. పై అధికారులు ఎంతమంది పూర్తిచేశారనే అడిగినప్పుడు, వచ్చేది ఆ అంకె మాత్రమే.

నా సలహా: ఆన్‌లైన్ కోర్సును ఒంటరిగా తీసుకోకండి. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల గుంపు) సమావేశానికి వచ్చే ముగ్గురు నలుగురు టీచర్లు కలిసి ఒక మాడ్యూల్ చూడండి. అందులో ఒక్క పని ఎంచుకుని వారమంతా తరగతిలో చేయండి. వచ్చే సమావేశంలో ఏమైందో చెప్పుకోండి. అప్పుడు అదే ఉచిత కోర్సు డబ్బు పెట్టి కొన్న కోర్సుకంటే ఎక్కువ ఇస్తుంది.

నెల రోజుల కోర్సు, డిప్లొమా

దక్షిణాది రాష్ట్రాల టీచర్ల కోసం 1963లో బెంగళూరులో పెట్టిన రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌లో నెల రోజుల కోర్సు ఉంది. ప్రభుత్వ టీచర్లు డెప్యుటేషన్ మీద వెళ్లి అక్కడే ఉండి చదువుతారు. మన హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) కూడా ఇంగ్లిష్ బోధనలో కోర్సులు నడుపుతోంది. టీచరుగా మీ భయం పోవాలంటే, నలుగురిలో ఇంగ్లిష్‌లో నిలబడి మాట్లాడాలంటే ఇలాంటి చోటుకు మించింది లేదు. వెళ్లొచ్చిన టీచర్లలో ఆ తేడా నాకు నడకలోనే తెలిసిపోతుంది. అవకాశం వస్తే ఇంట్లో ఏదో ఒక ఏర్పాటు చేసుకుని వెళ్లండి.

ఒక్క జాగ్రత్త. ఇలాంటి కోర్సుల్లో పెద్ద తరగతుల బోధన, వ్యాకరణం, పఠనం లాంటి వాటికి చోటు ఎక్కువ దొరుకుతుంది. అక్కడ నేర్చిన గ్రూప్ డిస్కషన్ ఒకటో తరగతిలో పనికిరాదు. తిరిగి వచ్చాక దాన్ని ఐదేళ్ల పిల్లకు సరిపోయేలా మలుచుకునే పని మీ మీదే ఉంటుంది.

చిన్నపిల్లల చదువే వృత్తిగా పెట్టుకునే కుర్రటీచర్లకు రెండేళ్ల డిప్లొమా, అంటే ప్రాథమిక విద్యలో డీఎల్‌ఎడ్ గానీ, ప్రీస్కూల్ విద్యలో డీపీఎస్‌ఈ గానీ, ఎక్కువ మేలు. మాంటిస్సోరి శిక్షణ కూడా గట్టిదే. మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి టీచర్లకు నేర్పింది కాబట్టి మన దగ్గర ఆ సంప్రదాయానికి వేళ్లు ఉన్నాయి. గరుకు కాగితం మీద అక్షరాన్ని వేలితో తడుముతూ శబ్దం పలికించడం లాంటివి తెలుగుకూ ఇంగ్లిష్‌కూ పనికొస్తాయి. అయితే సామాను లేకపోతే ఆ పద్ధతి సగమే. బోర్డు మీద మాంటిస్సోరి అని రాసి లోపల నలభైమందిని బెంచీల మీద కూర్చోబెట్టే చోట ఈ శిక్షణకు డబ్బు పెట్టడం వృథా.

ఫోనిక్స్ వర్క్‌షాపులు

ప్రైవేటు స్కూళ్లు ఎక్కువగా కొనేది ఇది. పుస్తకాలు అమ్మే కంపెనీవాళ్లు ఒకటి రెండు రోజుల శిక్షణ కలిపి ఇస్తారు. ఫోనిక్స్ మీద నాకు విరోధం లేదు. అక్షరం పేరు కాకుండా శబ్దం నేర్పడం మంచిదే. జాలీ ఫోనిక్స్ లాంటి పద్ధతిలో 42 శబ్దాలను ఏడు గుంపులుగా నేర్పుతారు. మొదటి గుంపులోని ఆరు శబ్దాలతోనే చిన్నచిన్న మాటలు కూడబలుక్కోవచ్చు. మొదటి నెలలోనే పిల్ల "నేను చదివాను" అనుకోగలగడం చిన్న విషయం కాదు.

కానీ తెలుగు టీచరు దగ్గర ఈ పద్ధతి ఒకచోట ఇరుక్కుంటుంది. మన అక్షరంలో అచ్చు కలిసే ఉంటుంది. 'బ' అంటే బకారంతో పాటు అకారం. అందుకే మనం తెలియకుండానే ఇంగ్లిష్ శబ్దాలను "బ... యా... ట" అని పలికిస్తాం. వాటిని కలిపితే పిల్లకు "బయాట" వినపడుతుంది గానీ 'బ్యాట్' వినపడదు. పిల్ల నిజాయితీగా 'బయాట' అంటే టీచరు తప్పు అంటుంది. పాపం పిల్ల మళ్లీ అదే కలుపుతుంది, మళ్లీ అదే తప్పవుతుంది.

దీనికి మందు మన దగ్గరే ఉంది. పొల్లు. అచ్చు లేకుండా 'బ్' అని ఆపడం, 'ట్' అని పెదవి దాటకుండా నిలపడం తెలుగు చదివిన ప్రతి టీచరుకూ వచ్చు. "పొల్లు హల్లులా పలకండి" అన్న ఒక్క మాటతో పది నిమిషాల్లో తేలిపోయే విషయం. శిక్షణకు వచ్చిన మనిషికి తెలుగు తెలియకపోతే ఈ మాట చెప్పలేరు. టీచర్లు ఎందుకు తప్పుతున్నారో కూడా వారికి తెలియదు. అందుకే నేను అడుగుతాను: ఫోనిక్స్ నేర్పేవారికి తెలుగు వచ్చా? పిల్లలు 'స్కూలు'ను 'ఇస్కూలు' అని, 'ఎమ్'ను 'యమ్' అని ఎందుకంటారో చెప్పగలరా? చెప్పగలిగితే వారికి మన పిల్లలు తెలుసు. 

ఇంకో మాట. ఫోనిక్స్ చదవడానికి పనికొచ్చే పనిముట్టు. భాష నేర్పదు. పిల్లకు 'నెట్' అని చదవడం వచ్చింది, ఆ మాటకు అర్థం తెలియదు. అప్పుడు అది చదువు కాదు, శబ్దం. మాటలు ముందు చెవిలో, చేతిలో, ఆటలో ఉండాలి. చిన్న తరగతిలో ఫోనిక్స్‌కు రోజుకు పావుగంట చాలు. మిగతా సమయం మాటలకు, కథలకు ఇవ్వాలి.

తరగతిలోకే వచ్చి పక్కన కూర్చునే మెంటర్

నా ఓటు దీనికి. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

దక్షిణాఫ్రికాలో మన పరిస్థితికి దగ్గరైన పరిస్థితి ఉంది. పిల్లలు ఇంటి భాషలో చదువు మొదలుపెడతారు, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా నేర్చుకుంటారు, చాలా బడుల్లో నాలుగో తరగతిలో మీడియమే ఇంగ్లిష్ అవుతూ వచ్చింది. అక్కడి నార్త్ వెస్ట్ ప్రాంతంలో 230 బడుల్లో ఒక పెద్ద పోలిక చేశారు. అది ఇంటి భాష సెత్స్వానాలో చదవడం నేర్పడం గురించి. రెండు గుంపుల టీచర్లకూ ఒకే పాఠ్యప్రణాళికలు, ఒకే పుస్తకాలు ఇచ్చారు. ఒక గుంపును కేంద్రానికి పిలిచి శిక్షణ ఇచ్చారు. రెండో గుంపు దగ్గరకు మెంటర్ బడికే వెళ్లి, తరగతిలో కూర్చుని సాయం చేశారు. రెండేళ్ల తర్వాత పిల్లల చదువు చూస్తే, మెంటర్ వెళ్లిన బడుల్లో లాభం దాదాపు రెట్టింపు. ఖర్చు కొంత ఎక్కువైంది, కానీ పెట్టిన రూపాయికి వచ్చిన ఫలితం కూడా ఎక్కువే.

తర్వాత మ్పుమలంగా ప్రాంతంలో 180 బడుల్లో ఈసారి ఇంగ్లిష్ మీదే ఇంకో ప్రశ్న వేశారు: మెంటర్ బడికి వెళ్లే బదులు ట్యాబ్, ఫోన్, మెసేజీల ద్వారా సాయం చేస్తే సరిపోదా? మొదటి ఏడాది రెండూ సమానంగానే కనిపించాయి. మూడేళ్లకు తేడా బయటపడింది. మెంటర్ వెళ్లిన బడుల్లో పిల్లల ఇంగ్లిష్ మాట, చదువు రెండూ మెరుగయ్యాయి. దూరం నుంచి నడిపిన బడుల్లో మాట కొంచెం మెరుగైంది, చదువు మెరుగవలేదు. పైగా ఆ పిల్లలు ఇంటి భాష చదవడంలో వెనకబడ్డారు. ఈ చివరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. సరిగా నడపని ఇంగ్లిష్ శిక్షణ ఇంగ్లిష్‌ను ఇవ్వకపోవడమే కాదు, ఉన్న భాషను కూడా కొంత పట్టుకుపోగలదు. మన దగ్గర శిక్షణ ఎంచుకునే ప్రతివారూ ఇది గుర్తుంచుకోవాలి.

అమెరికాలో విద్యా పరిశోధకుడు మాథ్యూ క్రాఫ్ట్, తోటివారు 2018లో అరవై అధ్యయనాలు కలిపి చూసినప్పుడు కూడా మెంటరింగ్ టీచరు బోధనను బాగా మారుస్తుందని తేలింది. దాంతోపాటే, కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుందనీ తేలింది. జిల్లా అంతటికీ ఒకేసారి మెంటర్లను పెట్టడంకన్నా పది బడులతో మొదలుపెట్టడం మంచిదని నేననేది అందుకే.

మెంటరింగ్ అంటే ఇన్‌స్పెక్షన్ కాదు. వెనక బెంచీ మీద కూర్చుని రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసేవాళ్లు వస్తే టీచరు ఆ రోజు నాటకం వేస్తుంది, మర్నాడు మామూలే. మంచి మెంటర్ ఏం చేస్తారో నా తరగతిలోనే చూశాను. ఆమె నా కంటే చిన్నది. పాఠం మొత్తం ఏమీ అనకుండా ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంది. అయిపోయాక చూపించింది. తరగతిలో ముప్పై ఒక్కమంది. నలభై నిమిషాల్లో నేను ఇంగ్లిష్‌లో మాట్లాడించింది ఏడుగురిని. ఆ ఏడుగురూ ముందు రెండు వరసల్లోవాళ్లే. మిగతా ఇరవై నలుగురి గీతల దగ్గర ఖాళీ. ఒక్క మాట కూడా తప్పు పట్టలేదు ఆమె. "అక్కా, రేపు మనం కిరాణా కొట్టు ఆట ఆడిద్దామా? నేనూ ఉంటాను" అంది.

మర్నాడు ఖాళీ బిస్కెట్ ప్యాకెట్లు, సబ్బు అట్టలు, అగ్గిపెట్టెలు తెచ్చి ఆరు కొట్లు పెట్టించాం. "ఐ వాంట్ సోప్." "హౌ మచ్?" "టెన్ రుపీస్." మూడే వాక్యాలు. బేరమంతా తెలుగులోనే: "నిన్న ఎనిమిదికే ఇచ్చావు గదా!" దాన్ని ఆపలేదు. గంట కొట్టేసరికి చివరి వరసలో కూర్చునే, అప్పటిదాకా నాకు గొంతు వినిపించని పిల్ల ఒకతె, "హౌ మచ్?" అని నన్నే నిలదీసింది. ఆ ఆట గురించి నేను అంతకుముందు నాలుగు శిక్షణల్లో విన్నాను. చేసింది మాత్రం పక్కన ఇంకో మనిషి ఉన్న రోజే.

దీని లోపం కూడా చెప్పాలి. మంచి మెంటర్ దొరకడం కష్టం. చిన్న తరగతులకు స్వయంగా చెప్పని మనిషి ఈ పనికి తగడు, ఎంత డిగ్రీ ఉన్నా. ఏకోపాధ్యాయ బడిలో టీచరు మెంటర్‌తో కూర్చుని మాట్లాడే అరగంటలో మిగతా తరగతులను ఎవరు చూస్తారన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

ఎవరికి ఏది

ప్రైవేటు స్కూలు నడిపేవారయితే, వర్క్‌షాపుకు పెట్టే డబ్బును రెండుగా విడగొట్టండి. సగంతో రెండు రోజుల శిక్షణ. మిగతా సగంతో అదే శిక్షకుల్ని ఏడాదిలో ఐదారుసార్లు తరగతులకు పిలవండి. అది కుదరదంటే మీ దగ్గరే ఉన్న మంచి యూకేజీ టీచరుకు వారానికి మూడు పీరియడ్లు ఖాళీ ఇచ్చి, తోటివాళ్ల తరగతుల్లో కూర్చోమనండి. జీతంలో కొంచెం కలపండి. ఊరికే చేయమనకండి.

సర్కారు బడి టీచరయితే, మండల శిక్షణకు ఎలాగూ వెళతారు. వెళ్లేటప్పుడు ఒక్క ప్రశ్నతో వెళ్లండి: సోమవారం నా ఒకటో తరగతిలో చేయగల ఒక్క పని ఏది? దాన్ని అక్కడే లేచి నిలబడి చేసి చూపించమనండి. తర్వాత పక్క ఊరి టీచరుతో జత కట్టండి. నెలకోసారి ఒకరి తరగతికి ఒకరు వెళ్లిరావడం కాంప్లెక్స్ హెచ్ఎంతో మాట్లాడి ఏర్పాటు చేసుకోవచ్చు. 

అంగన్‌వాడీ టీచరుకు నేను ఇంగ్లిష్ శిక్షణ ముందు చెప్పను. తెలుగులో కథ చెప్పడం, పిల్లతో రెండు వైపులా సాగే మాటలు నడపడం ముందు. ఆపైన బస్సు, బ్యాగు, ఫోను, బిస్కెట్టు లాంటి పిల్లల నోట్లో ఇప్పటికే ఉన్న ఇంగ్లిష్ మాటలు, "కమ్, సిట్, జంప్, టచ్ యువర్ నోస్" లాంటి చేసి చూపే మాటలు చాలు. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంటి భాషే ప్రధానమని చెప్పింది.

ఏజెన్సీలో చెప్పేవారి సంగతి వేరు. అక్కడ గోండి, కోయ, కువి మాట్లాడే పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. ఆ అనుభవం ఉన్న టీచర్లు, ఆ భాష మాట్లాడే విద్యా వలంటీర్లు దొరికితే మైదానం నుంచి ఏ నిపుణుణ్ణీ పిలవకండి, వాళ్లనే అడగండి. పిల్ల భాషలో ముప్పై మాటలు టీచరు నేర్చుకోవడం అక్కడ మొదటి శిక్షణ. నీళ్లు, ఆకలి, నొప్పి, అమ్మ, భయం. వీటితో మొదలుపెట్టండి.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

శిక్షణ ఇచ్చేవారిని పిలిచి మాట్లాడేటప్పుడు నేను అడిగేవి ఇవి. నిజమైన పిల్లలతో, మా టీచర్ల ముందు, పావుగంట పాఠం చెప్పి చూపిస్తారా? మా టీచర్లు శిక్షణలో ఎంతసేపు వింటారు, ఎంతసేపు చేస్తారు? సగానికి సగమైనా చేయడం లేకపోతే నేను వద్దంటాను. శిక్షణ అయ్యాక ఎన్నిసార్లు, ఏ తేదీల్లో తరగతికి వస్తారు? ఏడాది చివర ఏం చూసి పని జరిగిందంటారు? టీచర్ల ఫీడ్‌బ్యాక్ ఫారాలు చూపిస్తామంటే అది మర్యాద మాత్రమే. అందరూ 'వెరీ గుడ్' అనే రాస్తారు, నేనూ రాశాను. ఎంతమంది పిల్లలు నోరు విప్పారో, ఎంతమంది బొమ్మ చూసి రెండు వాక్యాలు చెప్పగలుగుతున్నారో చూస్తామంటే వినండి.

అన్నిటికన్నా చివర అడిగేది ఇది: "పిల్ల తెలుగులో జవాబు చెబితే టీచరు ఏం చేయాలంటారు?" ఫైన్ వేయమనో, మెడలో బోర్డు వేలాడదీయమనో, తల్లిదండ్రులను ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమని చెప్పండనో అంటే అక్కడితో మాటలు ఆపేసి టీ ఇచ్చి పంపించేయండి. ఒకసారి ఒకాయన నా ముందు కాసేపు ఆలోచించి, "ముందు జవాబు సరైనదా కాదా చూస్తాను మేడమ్. సరైనదైతే శభాష్ అంటాను. తర్వాత అదే మాట నేను ఇంగ్లిష్‌లో అంటాను" అన్నారు. ఆ ఏడాది మేం ఆయన్నే పిలిచాం.